మొదటి డెస్క్‌టాప్ అప్లికేషన్: టూల్ ఎంచుకోవడం దగ్గర్నుంచి పీజీ ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టేదాకా

"టికింటర్ మంచిదా, క్యూట్ మంచిదా, సీషార్ప్ మొదలుపెట్టాలా?" కోడింగ్ కొత్తగా పట్టుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న. టికింటర్, క్యూట్ అంటే విండోలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్లు, సీషార్ప్ ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్. టూల్స్‌ని పక్కపక్కన పెట్టి ఎంత పోల్చినా ఇది తేలదు. రాసిన ప్రోగ్రామ్ చివరికి ఎవరి కంప్యూటర్‌లో నడవాలో ముందు చూసుకుంటే సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి. అందుకే ఈ గైడ్ చివరి నుంచి వెనక్కి వస్తుంది: ముందు ఆ కంప్యూటర్, తర్వాత టూల్, ఆ తర్వాతే కోడ్.

ఉదాహరణ ఒకటే పెట్టుకుందాం. బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నడిపే ఒక పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) అనుకోండి. నాలుగు అంతస్తులు, 24 గదులు, 60 మంచాలు. ఎవరు ఏ గదిలో ఉన్నారు, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, ఈ నెల అద్దె వచ్చిందా లేదా, అన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో ఉంటాయి. ఆ బుక్కుని ఒక విండోలోకి తేవాలి, రసీదు ప్రింటు రావాలి. మొదటి ప్రాజెక్టుకి సరిపడా పని ఇది. ఇంతకంటే పెద్దది ఎత్తుకుంటే మధ్యలో వదిలేస్తారు.

ఒక మాట: కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో కొట్టండి.

1. ముందు ఆ కంప్యూటర్‌ని చూసి రండి

పీజీ ఆఫీసులో ఉండేది మీ ల్యాప్‌టాప్ లాంటిది కాకపోవచ్చు. ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌కి కొన్న డెస్క్‌టాప్, పాత మానిటర్, 4 జీబీ ర్యామ్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఓనర్ని అడిగి పది నిమిషాలు దాని ముందు కూర్చోండి.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి "విన్‌వెర్" అని కొడితే విండోస్ వెర్షన్ తెలుస్తుంది. అక్కడే "ఎంఎస్‌ఇన్ఫో32" అని కొడితే ర్యామ్ ఎంతో, సిస్టమ్ 64-బిట్టో 32-బిట్టో కనిపిస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌తో పాటు స్కేల్ శాతం కూడా రాసుకోండి.

ఈ వివరాలతో ఏం తేలుతుందంటే:

విండోస్ 7 అయితే పైథాన్ 3.8 దాకానే ఎక్కుతుంది, 3.9 ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఆగిపోతుంది. క్యూట్ 6 కి కనీసం విండోస్ 10 కావాలి. కాబట్టి అక్కడ మిగిలేవి పాత పైథాన్‌తో టికింటర్, లేదా డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 (సీషార్ప్ ప్రోగ్రాములు నడిపే పునాది) తో విన్‌ఫామ్స్ (దాని విండోల టూల్‌కిట్).

32-బిట్ విండోస్ అయితే పైసైడ్6 (క్యూట్‌ని పైథాన్‌లో వాడుకునే ప్యాకేజీ) సంగతి మర్చిపోండి. దాని ప్యాకేజీలు 64-బిట్‌కే వస్తాయి.

స్క్రీన్ 1366×768 ఉండి స్కేల్ 125 శాతం పెట్టి ఉంటే, మీ ప్రోగ్రామ్‌కి దక్కే చోటు సుమారు 1093×614 మాత్రమే. మీ ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ మీద 700 పిక్సెల్స్ ఎత్తుతో ముచ్చటగా గీసిన విండోలో "సేవ్" బటన్ అక్కడ టాస్క్‌బార్ కిందికి పోతుంది. కొత్తవాళ్లకి మొదటి ఫిర్యాదు ఎక్కువగా ఇలాగే వస్తుంది.

చూసి రావాల్సినవి:

☐ విండోస్ వెర్షన్, 64-బిట్టా 32-బిట్టా
☐ ర్యామ్, సీ డ్రైవ్‌లో ఖాళీ
☐ రిజల్యూషన్, స్కేల్ శాతం
☐ ప్రింటర్ ఏది: ఏ4 లేజరా, 58 మిల్లీమీటర్ల రసీదు ప్రింటరా
☐ పేర్లు ఇంగ్లీషులోనా, తెలుగు, కన్నడ లిపుల్లో కూడానా
☐ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది
☐ ఇప్పుడున్న నోటుబుక్కులో ఒక పేజీ ఫోటో (మనుషుల పేర్లు, నంబర్లు కనపడకుండా చేతితో మూసి తీయండి)

ఆ పేజీ ఫోటోయే మీ డిజైన్. అందులో ఎన్ని గడులు ఉన్నాయో మీ మొదటి విండోలో అన్నే ఉండాలి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు.

2. మూడు దారులు, మిగతావి పక్కకి

మీకు ఒక లాంగ్వేజ్ కొంచెమైనా వస్తే దాంట్లోనే ఉండండి. కొత్త లాంగ్వేజ్, కొత్త టూల్‌కిట్ రెండూ ఒకేసారి ఎత్తుకుంటే, ఎర్రర్ వచ్చినప్పుడు తప్పు ఏ వైపుదో తెలియక రాత్రంతా కూర్చోవాలి.

పైథాన్, టికింటర్: పైథాన్‌తో పాటే వస్తుంది, వేరే డౌన్‌లోడ్ అక్కర్లేదు. విండోలు, బటన్లు, ఈవెంట్లు అంటే ఏమిటో వారం రోజుల్లో చేతికొస్తుంది. ప్యాక్ చేస్తే (అంటే పైథాన్ లేని కంప్యూటర్‌లోనూ నడిచేలా కట్ట కడితే) పదుల ఎంబీల్లో సరిపోతుంది. కాకపోతే ప్రింటింగ్ లేదు, తేదీ ఎంచుకునే క్యాలెండర్ లేదు, తెలుగు విషయంలో లైనక్స్ మీద చేతులెత్తేస్తుంది. మీ కోసం మీరు రాసుకునే చిన్న పనిముట్లకి ఇది చాలు.

పైథాన్, పైసైడ్6: క్యూట్ టూల్‌కిట్‌కి పైథాన్ వైపు తలుపు ఇది. టేబుల్, క్యాలెండర్, ప్రింటింగ్, పీడీఎఫ్ అన్నీ లోపలే ఉన్నాయి. మౌస్‌తో విండో గీసే డిజైనర్ కూడా దీంతో పాటే దిగుతుంది. తెలుగు, కన్నడ అక్షరాలు సరిగ్గా కలుస్తాయి. బరువు ఎక్కువ: ప్యాక్ చేసిన ఫోల్డర్ వంద ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది, దాటినా ఆశ్చర్యపోకండి.

సీషార్ప్, విన్‌ఫామ్స్: నడవాల్సింది విండోస్ మీదే అయితే దీన్ని తక్కువ చూడొద్దు. పాతదని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్లు పీజీ ఆఫీసు కంప్యూటర్ చూసి ఉండరు. విండోస్ 10 లో 2019 మే అప్‌డేట్ నుంచి డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 లోపలే ఉంది కాబట్టి, మీరిచ్చే చిన్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది. ఇబ్బంది అంతా మీ వైపే: విజువల్ స్టూడియో చాలా జీబీలు తింటుంది, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద ఈడ్చుకుంటూ నడుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. విజువల్ స్టూడియోలో కొత్త ప్రాజెక్టు తెరిస్తే "విండోస్ ఫామ్స్ యాప్" అని రెండు కనిపిస్తాయి. పేరు చివర డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అని ఉన్నదే పై లెక్కకి పనికొస్తుంది. రెండోది ఎంచుకుంటే అవతలి కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ రన్‌టైమ్ విడిగా వేయాలి, లేదా దాన్ని మీ ప్రోగ్రామ్‌తో కలిపి పంపాలి.

మిగతావి క్లుప్తంగా. కాలేజీలో జావా నేర్చుకున్నవాళ్లకి జావాఎఫ్ఎక్స్ ఉంది, కానీ జావా 11 నుంచి అది జేడీకేలో (జావా రాయడానికి వేసుకునే కిట్) లేదు, విడిగా తెచ్చుకోవాలి. వెబ్ పని వచ్చినవాళ్లకి ఎలక్ట్రాన్ సులువే. అయితే లోపల ఒక పూర్తి బ్రౌజర్‌ని మోసుకొస్తుంది, ఖాళీ విండోకే వంద ఎంబీ దాటుతుంది, 4 జీబీ ర్యామ్ మీద క్రోమ్ కూడా తెరిచి ఉంటే మిషన్ నిట్టూరుస్తుంది. టౌరీ తేలిక, కాని రస్ట్ లాంగ్వేజ్ తగులుతుంది. ఫ్లట్టర్ మొబైల్ యాప్ కూడా కావాలనుకునేవాళ్లకి. కివీ జోలికి ఈ పనికి వెళ్లొద్దు: దాని మామూలు ఫాంట్‌లో తెలుగు అక్షరాలే లేవు, డబ్బాలు కనిపిస్తాయి. పాస్కల్ వచ్చిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే లాజరస్ ఇప్పటికీ మంచి పనిముట్టే.

మన పీజీకి లెక్క ఇలా తేలుతుంది. విండోస్ 10 లేదా 11, 64-బిట్, ర్యామ్ ఫర్వాలేదు, తెలుగు, కన్నడ పేర్లు, రసీదు ప్రింటు కావాలి అంటే పైసైడ్6. మిషన్ పాతది, లేదా 32-బిట్ అంటే విన్‌ఫామ్స్. ఇక్కణ్నుంచి పైసైడ్6 తో నడుద్దాం, మిగతా రెంటికి తేడా ఉన్నచోట చెప్పుకుందాం.

3. ఒక సాయంత్రం పరీక్ష

ఎంచుకున్న టూల్‌ని నమ్మేముందు ఒక సాయంత్రం దానికి పరీక్ష పెట్టండి. అందం అక్కర్లేదు, అయిదు కష్టమైన పనులు చేయగలదా లేదా అన్నదే చూడాలి. మూడు వారాలు రాసి ప్రింటింగ్ దగ్గర ఆగిపోవడం కంటే మూడు గంటలు పోవడం మేలు.

మొదటి పరీక్ష, తెలుగు. ఒక టెక్స్ట్ గడి, ఒక లేబుల్ పెట్టి, గడిలో కొట్టింది లేబుల్‌లో కనపడేలా చేయండి. అందులో "లక్ష్మీ", "శ్రీకృష్ణ", "రాజ్‌కుమార్" అని కొట్టండి.

లైనక్స్ మీద టికింటర్‌లో, టీకే 8.6 తో, "క్ష్మీ" ఒక్క అక్షరంగా కలవదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం దేనికది విడివిడిగా వరసలో నిలబడతాయి. ఇది ఫాంట్ లోపం కాదు, ఎన్ని ఫాంట్లు మార్చినా అంతే. అక్షరాల్ని కలిపే పని ఆ పొరలో లేదు. విండోస్ మీద ఆ పని విండోసే చేస్తుంది కాబట్టి టికింటర్‌లోనూ సరిగ్గా పడుతుంది. క్యూట్ ఏ సిస్టమ్ మీదైనా తనే కలుపుకుంటుంది.

కళ్లకి సరిగ్గా కనిపించినా లెక్క వేరుగా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. "లక్ష్మీ" మనకి రెండక్షరాలు. పైథాన్‌లో పొడవు అడిగితే 7 అంటుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి దీర్ఘం. రసీదులో చోటు చాలక పేరుని 10 దగ్గర కత్తిరిస్తే వత్తు మధ్యలో తెగి చివర పొల్లు వేలాడుతుంది. కాబట్టి అక్షరాలు లెక్కపెట్టి కత్తిరించకండి. గడి వెడల్పు పెంచండి, లేదా రెండో వరసకి పోనివ్వండి.

"రాజ్‌కుమార్"లో ఇంకో చిక్కు. జ కింద క వత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు ఉంటుంది. ఒకరు దాంతో కొడతారు, ఇంకొకరు అది లేకుండా కొడతారు. వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒకటి దొరకదు. సేవ్ చేసేటప్పుడు పేరుని ఉన్నదున్నట్టు ఉంచి, వెతకడానికి మాత్రం ఆ గుర్తు తీసేసిన ఇంకో కాలమ్ పెట్టుకోండి. ఆ గుర్తు యూనికోడ్ సంఖ్య 200సి.

ఫాంట్ విషయానికొస్తే, విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా యూఐలో తెలుగు, కన్నడ రెండూ ఉన్నాయి. అదే వాడండి, వేరే ఫాంట్ మోసుకెళ్లనక్కర్లేదు.

రెండో పరీక్ష, టేబుల్. వెయ్యి వరసలు నింపి పైకీ కిందికీ తిప్పండి, కాలమ్ మీద క్లిక్ చేసి వరస మార్చండి. అంకెల్ని అక్షరాల్లాగా పెడితే 2 కంటే 10 ముందొస్తుంది. టికింటర్‌లో టేబుల్ చూపించే ట్రీవ్యూలో వరస ఎత్తు మామూలుగా 20 ఉంటుంది, తెలుగు వత్తులు కింద తెగిపోతాయి. స్టైల్‌లో ఎత్తు 30 కి పెంచండి.

మూడో పరీక్ష, పనిలో ఉండగా విండో. ఒక బటన్ నొక్కితే ఎనిమిది సెకన్లు పట్టే పని పెట్టి, ఆ లోపు విండోని పట్టుకుని జరపండి. జరక్కపోతే మీ కోడ్ విండోని బంధించేసిందన్నమాట. అయిదు సెకన్లు స్పందన లేకపోతే విండోస్ దాని మీద "నాట్ రెస్పాండింగ్" అని వేస్తుంది. ఓనర్ కంగారుపడి నిలువునా మూసేస్తారు.

నాలుగోది, ప్రింటు. పైసైడ్6 లో రసీదుని హెచ్‌టీఎంఎల్ ముక్కగా రాసి క్యూటెక్స్ట్‌డాక్యుమెంట్‌కి ఇచ్చి ప్రింటర్‌కి పంపితే తెలుగుతో సహా వస్తుంది. టికింటర్ వాళ్లు రసీదుని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా రాసి బ్రౌజర్‌లో తెరిపించి అక్కణ్నుంచి ప్రింటు ఇవ్వడం అన్నిటికంటే తేలిక. 58 మిల్లీమీటర్ల ప్రింటర్‌లో నిజంగా అచ్చు పడే వెడల్పు 48 మిల్లీమీటర్లే, అంటే 384 చుక్కలు. దానికి నేరుగా అక్షరాలు పంపితే తెలుగు రాదు. విండోస్ డ్రైవర్ ద్వారా బొమ్మలా పంపాలి.

అయిదోది అందరూ చివరికి వదిలేసేది: ప్యాక్ చేసి, పైథాన్ అసలు లేని ఇంకో కంప్యూటర్‌లో నడిపి చూడటం. పీజీలో రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడిగి తీసుకోండి. ఈ పరీక్ష మొదటి రోజే అయిపోతే చివర్లో వచ్చే తలనొప్పి చాలా వరకు పోతుంది.

అయిదులో రెండు తప్పితే టూల్ మార్చండి. ఒకటే తప్పితే దానికి పక్కదారి ఉందేమో చూడండి.

4. మీ మిషన్ మీద సెటప్

1. పైథాన్‌ని దాని సొంత సైటు నుంచే దించండి. సరికొత్త వెర్షన్ వచ్చిన వారంలోనే దూకొద్దు. దానికి సరిపడే ప్యాకేజీలు రావడానికి కొంత సమయం పడుతుంది. ఒక వెర్షన్ వెనకది తీసుకోండి.

2. ఇన్‌స్టాలర్ మొదటి పేజీలోనే, అడుగున, పైథాన్‌ని పాత్‌లో (విండోస్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చే టిక్ ఉంటుంది. అది పెట్టకుండా ముందుకెళ్లినవాళ్లే తర్వాత "పైథాన్ కమాండ్ దొరకలేదు" అని చూస్తారు.

3. సీ డ్రైవ్‌లో చిన్న పేరుతో ఒక ఫోల్డర్ చేయండి, ఉదాహరణకి "పీజీబుక్". క్లౌడ్‌తో సింక్ అయ్యే డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో వద్దు. డేటాబేస్ ఫైలుని సింక్ పట్టుకుని కూర్చుంటుంది.

4. ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పైథాన్ -ఎమ్ వెన్వ్ వెన్వ్" అని కొట్టి, లోపలి స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లోని యాక్టివేట్‌ని నడపండి. ఈ ప్రాజెక్టు ప్యాకేజీలు విడిగా ఉండే గూడు ఇది. పవర్‌షెల్‌లో చేస్తే స్క్రిప్టులు నడపడానికి అనుమతి లేదని ఎర్ర అక్షరాలు రావచ్చు. కొత్తవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లోనే ఉండటం తేలిక.

5. "పిప్ ఇన్‌స్టాల్ పైసైడ్6". డౌన్‌లోడ్ వందల ఎంబీలు ఉంటుంది. పీజీ వైఫై సాయంత్రం ఎనిమిది తర్వాత ఎలా ఉంటుందో తెలిసిందే, పొద్దున్నే పెట్టుకోండి. బొత్తిగా కుదరకపోతే ఎసెన్షియల్స్ అనే చిన్న ప్యాకేజీ ఉంది, మన పనికి అదీ సరిపోతుంది.

6. "పైసైడ్6-డిజైనర్" అని కొడితే డిజైనర్ తెరుచుకోవాలి. తెరుచుకుంటే సెటప్ అయినట్టే.

టికింటర్ వాళ్లు "పైథాన్ -ఎమ్ టికింటర్" కొడితే చిన్న విండో వస్తుంది. ఉబుంటులో రాకపోతే "పైథాన్3-టీకే" ప్యాకేజీ విడిగా వేయాలి. మీ ఫైలుకి టికింటర్ అని పేరు మాత్రం పెట్టకండి. అసలు లైబ్రరీ బదులు పైథాన్ మీ ఫైలునే తెరుస్తుంది, అర్థం కాని ఎర్రర్ వస్తుంది.

5. రాసే వరస

డిజైనర్ తెరిచి రంగులు దిద్దడం దగ్గర మొదలుపెట్టకండి. వరస ఇలా:

మొదట లెక్క, విండో లేకుండా. ఒక ఫైలులో అద్దె లెక్క ఫంక్షన్లు మాత్రమే రాయండి. నెల మధ్యలో చేరినవాళ్ల లెక్క ఓనర్ని అడిగి రాసుకోండి.

"అన్నా, పన్నెండో తారీఖున చేరితే ఎన్ని రోజులకి తీసుకుంటావ్?"
"పన్నెండు కూడా కలుపుకోవాలి కదమ్మా. చివర చిల్లర వస్తే పదికి రౌండు చేసెయ్."

ఈ రెండు వాక్యాల్లో మీ ఫంక్షన్ మొత్తం ఉంది. అద్దె 7,500, నెలకి 30 రోజులు అయితే 12 నుంచి 30 దాకా 19 రోజులు, 4,750 రూపాయలు. 31 రోజుల నెలలో 20 రోజులు, 4,838 చిల్లర, రౌండు చేస్తే 4,840. ఈ రెండు జవాబులూ వచ్చేదాకా విండో జోలికి వెళ్లొద్దు.

డబ్బుని దశాంశ సంఖ్యగా పెట్టకండి. పైథాన్‌లో 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పైసల్లో పూర్ణసంఖ్యగా దాచి, చూపించేటప్పుడు మాత్రం వందతో భాగించండి.

తర్వాత డేటాబేస్. ఒకే ఫైలులో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పైథాన్‌లోనే ఉంది. మూడు టేబుళ్లు చాలు: గదులు, మనుషులు, చెల్లింపులు. తేదీల్ని సంవత్సరం-నెల-రోజు వరసలో దాచండి, అప్పుడే వరస సరిగ్గా పడుతుంది. చూపించేటప్పుడు మన పద్ధతిలో తిప్పండి. విలువల్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకండి, ప్రశ్నార్థకం పెట్టి విడిగా పంపండి. టేబుళ్ల మధ్య లింకుల్ని ఎస్‌క్యూలైట్ మామూలుగా పట్టించుకోదు. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఫారిన్ కీస్ ప్రాగ్మా (ఆ లింకుల్ని కాపాడే సెట్టింగ్) ఆన్ చేయాలి. లేకపోతే మనిషిని తీసేసినా అతని చెల్లింపులు అనాథలుగా మిగిలిపోతాయి.

ఆధార్ నంబరు మొత్తం దాచకండి. రాసుకోవాలంటే చివరి నాలుగంకెలు చాలు.

ఆ తర్వాతే విండో. డిజైనర్‌లో గడులు పెట్టాక, ఖాళీ చోట క్లిక్ చేసి గ్రిడ్ లేఅవుట్ ఇవ్వండి. లోపలి గడులకి లేఅవుట్ ఇచ్చి, మొత్తం ఫామ్‌కి ఇవ్వడం మర్చిపోతారు. అప్పుడు విండో పెద్దది చేసినా గడులు ఒక మూలనే ముడుచుకుని ఉంటాయి. లేఅవుట్ లేని చోట ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్‌లో ఎర్ర గుర్తు ఉంటుంది, అది పోయిందో లేదో చూసుకోండి.

చివరగా బటన్లని ఫంక్షన్లకి కలపండి. ఒక బటన్, ఒక ఫంక్షన్, ఒకసారి నడిపి చూడటం. అయిదు బటన్లు కలిపి ఒకేసారి నడిపితే ఏది చెడగొట్టిందో వెతుక్కోవాలి.

6. తరచూ జరిగే తప్పులు

బటన్ నొక్కకముందే పని జరిగిపోతోంది. ఫంక్షన్ పేరు ఇవ్వాల్సిన చోట చివర బ్రాకెట్లు కూడా పెట్టారు. బ్రాకెట్లు పెడితే అప్పుడే నడిపేయమని అర్థం. తీసేయండి.

రెండో విండో మెరుపులా వచ్చి మాయమవుతోంది. దాన్ని ఫంక్షన్ లోపలి వేరియబుల్‌లో పెట్టారు. ఫంక్షన్ అయిపోగానే పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది. సెల్ఫ్‌లో పెట్టి పట్టుకోండి. టికింటర్‌లో ఫోటో కనపడకపోవడానికీ కారణం ఇదే.

సేవ్ చేసినవి మర్నాటికి లేవు. కమిట్ (మార్పుల్ని డేటాబేస్‌లో ఖాయం చేసే కమాండ్) మర్చిపోయారు. కరెంటు పోయినా డేటా నిలబడాలంటే, చెల్లింపు నమోదైన ప్రతిసారీ అక్కడే కమిట్ చేయండి, ప్రోగ్రామ్ మూసేటప్పుడు చేద్దామనుకోవద్దు.

టేబుల్ నింపుతుంటే వరసలు కలగాపులగం. క్యూటేబుల్‌విడ్జెట్‌లో వరస మార్చే సౌకర్యం ఆన్‌లో ఉండగా నింపితే, మొదటి గడి పెట్టగానే ఆ వరస వేరే చోటికి ఎగిరిపోతుంది, మిగతా గడులు ఇంకో మనిషి వరసలో పడతాయి. అంటే ఒకరి అడ్వాన్స్ ఇంకొకరి పేరు మీద కనిపిస్తుంది. నింపేముందు ఆఫ్, నింపాక ఆన్.

విండో ఆగిపోకుండా పొడుగు పనికి పక్కన ఇంకో థ్రెడ్ (సమాంతరంగా నడిచే పనివరస) పెట్టాక ప్రోగ్రామ్ ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మూసుకుపోతోంది. పక్క థ్రెడ్ నుంచి నేరుగా లేబుల్ మార్చారు. విండోని ముట్టుకునే హక్కు మెయిన్ థ్రెడ్‌కే. పక్క థ్రెడ్ సిగ్నల్ పంపాలి, మెయిన్ థ్రెడ్ మార్చాలి. విన్‌ఫామ్స్‌లో ఇదే పనికి ఇన్వోక్ ఉంది, టికింటర్‌లో క్యూ పెట్టి ఆఫ్టర్‌తో చూసుకుంటూ ఉండాలి.

టికింటర్‌లో గడులు అమర్చే ప్యాక్, గ్రిడ్ పద్ధతులు కలిపితే ఎర్రర్. ఒకే ఫ్రేమ్‌లో రెండూ వాడకూడదు. వేర్వేరు ఫ్రేముల్లో వాడుకోవచ్చు.

ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలు. సీఎస్‌వీ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ని "యూటీఎఫ్-8-సిగ్" అని ఇవ్వండి. మొదట్లో పడే ఆ చిన్న గుర్తు చూసే ఎక్సెల్ అది యూనికోడ్ అని పోల్చుకుంటుంది.

7. ప్యాక్ చేయడం

పైథాన్ కోడ్‌ని విడిగా నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పైఇన్‌స్టాలర్ వాడండి. అది ఏ సిస్టమ్ మీద నడిస్తే ఆ సిస్టమ్‌కే ప్రోగ్రామ్ తయారు చేస్తుంది. లైనక్స్ మీద కూర్చుని విండోస్ ఫైలు రాబట్టలేరు.

మొదటిసారి నల్ల కన్సోల్ విండో ఉంచే ప్యాక్ చేయండి. ఏదైనా తప్పితే ఎర్రర్ అందులో కనిపిస్తుంది. అంతా నడిచాక విండోడ్ ఆప్షన్ పెట్టి దాన్ని తీసేయండి.

ఒకే ఫైలుగా చేసే "వన్‌ఫైల్" చూడ్డానికి బాగుంటుంది, కానీ మొదటి ప్రాజెక్టుకి వద్దు. తెరిచిన ప్రతిసారీ లోపలి సరుకంతా టెంపరరీ ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది, అందుకే ఆలస్యంగా తెరుచుకుంటుంది. యాంటీవైరస్‌లు ఎక్కువగా అనుమానించేదీ దీన్నే. అన్నిటికంటే ముఖ్యం: డేటాబేస్‌ని కోడ్ ఫైలు పక్కనే పెట్టేలా రాసి ఉంటే, అది ఆ టెంపరరీ ఫోల్డర్‌లో తయారవుతుంది, ప్రోగ్రామ్ మూయగానే ఫోల్డర్‌తో పాటు పోతుంది. నెల అద్దెల లెక్క మొత్తం. "వన్‌డిర్" వాడి ఫోల్డర్‌గా ఇవ్వండి.

వన్‌డిర్‌లోనూ డేటాబేస్‌ని ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో పెట్టకండి. ప్రోగ్రామ్ ఫైల్స్ కింద రాయడానికి మామూలు యూజర్‌కి అనుమతి ఉండదు. యూజర్ యాప్‌డేటా ఫోల్డర్ దాని చోటు. క్యూస్టాండర్డ్‌పాత్స్‌ని అడిగితే అదే దారి చెబుతుంది.

ఐకాన్లు, యూఐ ఫైళ్లు యాడ్-డేటా ఆప్షన్‌తో విడిగా చెప్పి చేర్చాలి. మీ మిషన్ మీద బాగా నడిచి అక్కడ "ఫైలు దొరకలేదు" అంటే తొంభై పాళ్లు ఇదే.

ఫోల్డర్‌ని ఇన్‌స్టాలర్‌గా మార్చడానికి ఇన్నో సెటప్ ఉంది. మీ ఫైలుకి డిజిటల్ సంతకం ఉండదు కాబట్టి, దాన్ని నెట్ నుంచి దించుకుని తెరిస్తే విండోస్ నీలం రంగు హెచ్చరిక చూపించవచ్చు. "మోర్ ఇన్ఫో" నొక్కితే నడిపే బటన్ వస్తుంది. ఈ సంగతి ఓనర్‌కి ముందే చెప్పండి, లేకపోతే వైరస్ తెచ్చావనుకుంటారు.

8. అమ్మాలనుకుంటే లైసెన్స్

పక్క పీజీ వాళ్లు కూడా అడిగి, డబ్బు తీసుకుని ఇవ్వాలనుకుంటే ఇది చూసుకోండి. పైసైడ్6, పైక్యూట్6 చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కోడ్ కూడా దాదాపు ఒకటే. పైక్యూట్6 జీపీఎల్ కింద వస్తుంది: ప్రోగ్రామ్ ఇచ్చినవాళ్లకి సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి, లేదా కమర్షియల్ లైసెన్స్ కొనాలి. పైసైడ్6 ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది కాబట్టి, దాని షరతులు పాటిస్తూ మీ కోడ్ మీ దగ్గరే ఉంచుకోవచ్చు. యూట్యూబ్ పాఠాల్లో ఎక్కువ పైక్యూట్ కనిపిస్తుంది. చూసి నేర్చుకోండి, ఇంపోర్ట్ లైన్లో పైసైడ్ రాయండి. సిగ్నల్ అనే మాట అక్కడ పైక్యూట్‌సిగ్నల్ అని ఉంటుంది, ఇక్కడ ఉత్త సిగ్నల్.

విజువల్ స్టూడియో కమ్యూనిటీ ఒంటరిగా రాసుకునేవాళ్లకి ఉచితం, అమ్మే ప్రోగ్రామ్‌కి కూడా.

9. పెట్టే రోజు

నెల మొదటివారంలో వెళ్లకండి. అద్దెలు వచ్చే రోజులవి, ఓనర్‌కి మీతో కూర్చునే తీరిక ఉండదు. ఇరవయ్యో తారీఖు తర్వాత, మధ్యాహ్నం పూట వెళ్లండి.

☐ పాత నోటుబుక్కులోంచి పది పేర్లు ఓనర్ చేతే కొట్టించండి, మీరు మౌస్ ముట్టుకోకండి. ఆయన చెయ్యి ఎక్కడ ఆగిందో రాసుకోండి
☐ ట్యాబ్ కీ కొడితే గడులు మీరు అనుకున్న వరసలోనే వెళ్తున్నాయా
☐ "సేవ్" బటన్ ఆ స్క్రీన్ మీద కనిపిస్తోందా
☐ "లక్ష్మీ" అని ఒక రసీదు ప్రింటు తీయండి
☐ సేవ్ చేసిన వెంటనే మెయిన్ స్విచ్ ఆపి, మళ్లీ పెట్టి, ఆ ఎంట్రీ ఉందో లేదో చూడండి (ఆ మిషన్‌లో ఇంకేమీ తెరిచి లేనప్పుడే, ఓనర్‌కి చెప్పి)
☐ పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ బటన్ పనిచేస్తోందా. ఫైలుని ఉత్తినే కాపీ చేయకుండా ఎస్‌క్యూలైట్ కనెక్షన్‌లోని బ్యాకప్ మెథడ్ వాడండి, మధ్యలో ఏదైనా రాస్తున్నా కాపీ చెడదు
☐ ఆ బ్యాకప్‌ని మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి
☐ ప్రోగ్రామ్ వెర్షన్ నంబరు విండో పైన కనిపించేలా ఉందా. రేపు ఫోన్ చేసి "పనిచేయట్లేదమ్మా" అన్నప్పుడు మీరు మొదట అడిగేది అదే

నోటుబుక్కుని వెంటనే మూయించకండి. రెండు నెలలు రెండూ నడవనివ్వండి. నెలాఖరున బుక్కు మొత్తం, ప్రోగ్రామ్ మొత్తం పక్కపక్కన పెట్టి చూడండి. తేడా వస్తే ముందుగా నెల మధ్యలో చేరినవాళ్ల, ఖాళీ చేసినవాళ్ల వరసలు తీసి చూడండి.